చదువంటే ఇష్టపడే చిన్నపిల్లలకు ఏ పుస్తకం ఇవ్వాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో పిల్లల పుస్తకాలు అమ్మడం మొదలుపెట్టి పన్నెండేళ్లయింది. దుకాణం చిన్నది. ఇద్దరు పెద్దవాళ్లు నిలబడితే మూడో మనిషి గడపలో ఆగాలి. వచ్చేవాళ్లలో సగం మంది సాయంత్రం ఆరింటికి వస్తారు, ఏడింటికి ఎక్కడో పుట్టినరోజు విందు ఉంటుంది, "బాగా చదివే పిల్ల సార్, ఏదైనా మంచిది ఇవ్వండి" అంటారు. ఆ హడావిడిలో నేను అడగాల్సినవి అడగలేను, వాళ్లు చెప్పాల్సినవి చెప్పలేరు. అందుకే మాటిమాటికీ వినిపించే ప్రశ్నలను, తీరిక దొరికితే నేనిచ్చే జవాబులను ఇక్కడ రాసి పెట్టాను. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లల సంగతే ఇది.

మా అన్న కూతురు చాలా తెలివైనది. ఏ పుస్తకం ఇవ్వమంటారు?

ముందు మీరు నాకొక జవాబు చెప్పాలి. ఈ వారంలో ఆ పాప ఎవరినైనా ఏమని అడిగింది? చాలామందికి తెలియదు. ఫోను చేసి వాళ్లమ్మను అడగమంటాను. అవతలి నుంచి నవ్వు, తర్వాత "చీమలకు చెవులుంటాయా అని చంపుతోంది" అని వినిపిస్తుంది. నాకు కావలసింది అదే. "తెలివైన పాప" అనుకుంటూ అల్మారా ముందు నిలబడితే మీ చేయి లావుపాటి పుస్తకం మీదికే పోతుంది. "చీమల చెవులు" అనుకుంటూ నిలబడితే పురుగుల మీద ఇరవై నాలుగు పేజీల పుస్తకం దొరుకుతుంది. పాప దాన్ని ఆ రాత్రికే పూర్తి చేస్తుంది. చీమలకు చెవులుండవు, నేల అదురును కాళ్లతో పసిగడతాయి. ఆ సంగతి మీరు ముందే చెప్పేయకండి, పుస్తకాన్నే చెప్పనివ్వండి.

బాబుకు మూడేళ్లు. అక్షరాలే రావు. ఇప్పుడే పుస్తకం ఎందుకు?

చదివేది మీరు, చూసేది బాబు. మూడేళ్ల పిల్లలు బొమ్మను చదువుతారు, అదీ మనకన్నా బాగా. నా దగ్గర సంత మీద ఒక బొమ్మల పుస్తకం ఉండేది. పెద్దవాళ్లు మొదటి పేజీ చూసి "ఓహో, సంత" అని తిప్పేసేవారు. ఒకసారి ఒక బుడతడు నేల మీద కూర్చుని, టమాటా గంపల వెనుక నిద్రపోతున్న పిల్లిని పట్టుకున్నాడు. తర్వాతి పేజీలో అది ఎక్కడుందో వెతికాడు. అక్కడా ఉంది, పందిరి గుంజ మీద. ఆ తర్వాత చేపల బుట్ట పక్కన. అప్పటికి ఆ పుస్తకాన్ని ఏ నలభై మందికో అమ్మి ఉంటాను. పిల్లి ప్రతి పేజీలోనూ ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

ఈ వయసుకు గట్టి అట్ట పేజీలున్నవి తీసుకోండి. మూలలు గుండ్రంగా ఉండాలి, ఎందుకంటే నోట్లో పెట్టుకుంటారు. అక్షరమాల పుస్తకం మాత్రం వద్దు. ఆ ఇంట్లో ఇప్పటికే మూడు ఉంటాయి. ఇంగ్లీషు వాటిలో 'ఎక్స్' దగ్గర జైలోఫోన్ బొమ్మ ఉంటుంది, ఈ ఊళ్లో ఏ ఇంట్లో చూసి గుర్తుపడతాడు పాపం! తెలుగు వాటిలో 'ఙ' దగ్గర ఏ బొమ్మ వేయాలో వేసినవాళ్లకే తెలిసినట్టు ఉండదు.

వయసు చూసి కొనాలా, తరగతి చూసి కొనాలా?

రెండూ చూడండి, రెండింటినీ పూర్తిగా నమ్మకండి. ప్రథమ్ బుక్స్ వారి కథల పుస్తకాలకు నాలుగు స్థాయిలున్నాయి, స్థాయి ఏదో పుస్తకం మీదే ఉంటుంది. అలాంటి గుర్తు ఉంటే పని సులువు. పిల్ల తానుగా చదువుకోవడానికైతే తన స్థాయికి ఒక మెట్టు కింద, మీరు చదివి వినిపించడానికైతే ఒక మెట్టు పైన తీసుకోండి. చదవడం నేర్చుకుంటున్న పిల్లకు గెలిచిన సంతోషం కావాలి. వింటున్న పిల్లకు కొత్త మాటలు కావాలి.

గుర్తేమీ లేకపోతే వేళ్ల లెక్క ఉంది. మధ్యలో ఒక పేజీ తెరిచి పిల్ల చేత చదివించి, తడబడిన మాటకల్లా ఒక వేలు ముడవండి. పేజీ అయ్యేలోపు ఐదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం వచ్చే ఏడాదికి. పిల్ల మీతో రాకపోతే, మీరే ఒక పేజీలో ఒత్తక్షరాలున్న మాటలు ఎన్ని ఉన్నాయో చూడండి. తెలుగు చదవడంలో పిల్లలు ఆగేది గుణింతం దగ్గర కాదు, ఒత్తుల దగ్గర. "ఏనుగు నీరు తాగింది" అని గబగబా చదివేసే పిల్ల "మధ్యాహ్నం" దగ్గర నిలబడిపోతుంది. పెద్దవాళ్లలోనే సగం మంది దాన్ని సరిగ్గా పలకరు, పిల్లను ఏమనగలం!

బడి ఇంగ్లీషు మీడియం. తెలుగు పుస్తకం ఇస్తే వృథా కదా?

ఈ ప్రశ్న నాకు వారానికి నాలుగుసార్లు ఎదురవుతుంది. అడిగేవాళ్లు అచ్చ తెలుగులో అడుగుతారు.

ఆరేళ్ల పిల్ల మాట్లాడే భాషకూ చదవగలిగే భాషకూ మధ్య చాలా దూరం ఉంటుంది. ఇంగ్లీషులో అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది, అర్థమయ్యేది కొంచెమే. తెలుగులో ఏమి చెప్పినా అర్థమవుతుంది, చదవడమే ఇంకా రాదు. నేర్చుకోవాలన్న ఆత్రం ఉన్న పిల్లకు అర్థం కావడమే ముఖ్యం. గ్రహణం ఎలా పడుతుందో తనకు అరకొరగా వచ్చిన భాషలో చదివితే మాటలు మిగులుతాయి, సంగతి జారిపోతుంది. కాబట్టి చదివి వినిపించే పుస్తకం తెలుగులో ఉండాలి. తానుగా చదువుకునేది ఏ భాషదైనా సరే, సన్నగా ఉండాలి.

ఎటూ తేల్చుకోలేనివాళ్లకు రెండు భాషల పుస్తకాలున్నాయి, ఒకే పేజీలో తెలుగు, ఇంగ్లీషు వాక్యాలు. చెన్నైలోని తూలిక వారు ఇలాంటివి చాలాకాలంగా వేస్తున్నారు. అవ్వ తెలుగు వాక్యం చదివితే, మనవడు కింద ఉన్న ఇంగ్లీషు వాక్యం చదువుతాడు. ఇద్దరూ ఒకరి తప్పు ఒకరు పట్టుకుంటారు.

కొనేముందు తెలుగు ఎలా ఉందో చూడండి. ఒక పేజీ పైకి చదవండి, నాలుక తడబడితే పక్కన పెట్టేయండి. "రాము తన దంతాలను శుభ్రపరచుకున్నాడు" అని రాసిన పుస్తకం నా దగ్గరకు వచ్చింది. పళ్లు తోముకోవడానికి ఇంత తంటా ఎందుకు? ఇంగ్లీషు వాక్యం మీద తెలుగు మాటలు పరిచి తెలుగు పుస్తకం అనేస్తారు. ఇంకో అనుభవం చెబుతాను. ఒకసారి ఇంటర్నెట్‌లో చూసి పాతిక రెండు భాషల పుస్తకాలు తెప్పించాను, బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. పెట్టె విప్పి చూస్తే ఒత్తులన్నీ అక్షరాల కింది నుంచి విడిపోయి పక్కన పడి ఉన్నాయి. "అమ్మమ్మ" అన్న మాట "అమ్‌మమ్‌మ" అని అచ్చయింది. పాతికా అలాగే. వెనక్కి తీసుకున్నారు, డబ్బులు మాత్రం మూడు నెలల తర్వాత వచ్చాయి. చేత్తో పట్టుకుని చూడకుండా తెలుగు పుస్తకం కొనకూడదని అప్పుడు నేర్చుకున్నాను.

పెద్ద విజ్ఞాన సర్వస్వం ఒకటి కొంటే అన్నీ అందులోనే ఉంటాయి కదా?

అన్నీ ఉంటాయి. ఆ పిల్లకు కావలసింది మాత్రం నాలుగు వాక్యాల్లో తేలిపోతుంది.

మూడేళ్ల కిందట ఒక అవ్వ ఆరేళ్ల మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ల పొలం కళ్యాణదుర్గం వైపు. ఆ పిల్ల నా బల్ల అంచు పట్టుకుని అడిగింది: "బుడ్డలు వేరుకు కాస్తాయా, కొమ్మకు కాస్తాయా?" ఈ జిల్లాలో పుట్టినవాళ్లకు బుడ్డలంటే వేరుశనగలని చెప్పనక్కరలేదు. వేరుకు కాస్తుంది కాబట్టే వేరుశనగ అంటారని ఎవరో చెప్పారట. పొలంలో చూస్తే పసుప్పచ్చని పువ్వు పైన ఉంది, కాయ మట్టిలో ఉంది. పువ్వు ఒకచోట, కాయ ఇంకోచోట ఎలా?

అప్పట్లో నా దగ్గర పన్నెండు వందల రూపాయల విజ్ఞాన సర్వస్వం ఒకటి కదలకుండా కూర్చుని ఉంది. అమ్ముడైతే బాగుండునని నాకూ లేకపోలేదు. తెరిచి చూపించాను. వేరుశనగ దక్షిణ అమెరికాలో పుట్టిందని, దాని నుంచి నూనె తీస్తారని ఉంది. పక్కన పీకేసిన మొక్క బొమ్మ, అడుగున కాయలు. పిల్ల ఆ బొమ్మను కాసేపు చూసి, పుస్తకాన్ని రెండు చేతులతో నా వైపు తోసేసింది.

జవాబు అవ్వ చెప్పింది. "పువ్వు వాడిపోయాక దాని మొదట్లోంచి ఊడ దిగుతుందమ్మా. మట్టిలో దూరాక కొస ఉబ్బుతుంది. అదే బుడ్డ." వృక్షశాస్త్రం చెప్పేదీ అచ్చంగా ఇదే. ఆ ఊడ వేరు కాదు, పువ్వు అండాశయాన్ని కొసన మోసుకుంటూ నేలలోకి దిగే కాడ. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానుకు దిగేవాటినీ ఊడలనే అంటాం, కానీ అవి అసలైన వేర్లు. ఒకే మాట, రెండు వేరువేరు పనులు. ఈ తేడా ఆ రోజు నాకూ కొత్తే.

చివరికి వాళ్లు కొన్నది విత్తనాలు ఎలా ప్రయాణిస్తాయో చెప్పే సన్న పుస్తకం, డెబ్బై రూపాయలు. గాలికి ఎగిరేవి, నీటిలో తేలేవి, గొర్రె బొచ్చుకు అంటుకుని పోయేవి, ఒక పేజీలో తనను తానే పాతుకునే వేరుశనగ. రెండు నెలల తర్వాత ఆ పిల్ల మళ్లీ వచ్చింది. చేతిలో సగానికి కోసిన ప్లాస్టిక్ సీసా, అందులో మొక్క. సీసాకు నల్లగుడ్డ చుట్టి ఉంది, వెలుతురు తగిలితే కాయ ఊరదని అవ్వ చుట్టిందట. గుడ్డ కొంచెం పక్కకు జరిపి చూపించింది. ప్లాస్టిక్ గోడకు ఆనుకుని సూదంత సన్నగా ఒక ఊడ, దాని కొస ఊదారంగులో. ఎక్కువసేపు చూడనివ్వలేదు, గుడ్డ మళ్లీ కప్పేసింది.

విజ్ఞాన సర్వస్వం పదేళ్లు దాటాక కొనండి, ఒక సంగతి నుంచి ఇంకో సంగతికి వెతుక్కుంటూ పోవడం అప్పుడు వస్తుంది. అంతకుముందు ఇస్తే అది షోకేసులో పింగాణీ ఏనుగు పక్కన, తాళం వేసిన అద్దం వెనుక కూర్చుంటుంది. "చింపేస్తాడు, పెద్దయ్యాక ఇస్తాం" అంటారు. అలాంటి షోకేసులు ఈ ఊళ్లో నేను చాలా చూశాను.

మావాడికి డైనోసార్లు తప్ప మరేదీ పట్టదు. ఇంకో డైనోసార్ పుస్తకం ఇవ్వాలా, దృష్టి మరల్చాలా?

ఇంకోటి ఇవ్వండి. ఒకే సంగతిని పట్టుకుని లోతుకు పోయే పిల్లవాడిని మధ్యలో పైకి లాగకూడదు. అయితే అదే రకం ఇవ్వకండి. పేర్లు, కోరలు ఉన్న పుస్తకం ఇప్పటికే ఉంటుంది. ఈసారి ఎముకలను నేలలోంచి ఎలా తవ్వి తీస్తారో చెప్పేది, రాళ్ల పొరల గురించి చెప్పేది, పక్షులకూ డైనోసార్లకూ ఉన్న చుట్టరికం చెప్పేది ఇవ్వండి. సంగతి అదే, తలుపు వేరు.

పుస్తకంతో పాటు ఒక మాట కూడా చెప్పండి. తెలుగు నేల మీదా డైనోసార్లు తిరిగాయి. పాత ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన శాకాహార డైనోసార్‌కు శాస్త్రవేత్తలు ఆ ఊరి పేరే కలిపి 'కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్' అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది. ఈ పేరు ఒకసారి విన్న పిల్లవాడు నెలరోజులపాటు ఇంటికి వచ్చినవాళ్లందరికీ అప్పజెబుతాడు.

రాళ్ల పిచ్చి ఉన్న పిల్లలకు మన వజ్రకరూరు ఉండనే ఉంది. వానలు పడ్డాక అక్కడి చేలల్లో జనం వజ్రాల కోసం నేల మీద కళ్లు పెట్టుకుని తిరుగుతారు. వజ్రం భూమి లోతుల్లోంచి కింబర్లైట్ అనే రాతితో పైకి వస్తుంది, ఆ రాతి గొట్టాలు అక్కడ ఉన్నాయి. ఖనిజాల పుస్తకం ఒకటి చేతిలో పెట్టి ఈ కథ చెప్పి చూడండి.

పుస్తకంలో ఉన్నది తప్పో, పాతబడిందో ఎలా తెలుస్తుంది?

నిలబడ్డచోటే చూసుకోవచ్చు. గ్రహాల పేజీ తెరవండి. ప్లూటోను తొమ్మిదో గ్రహమని రాసి ఉంటే ఆ సంగతి 2006కు ముందుది. ఆ ఏడాదే దాన్ని మరుగుజ్జు గ్రహాల్లో చేర్చారు. చంద్రుడి పేజీలో చంద్రయాన్-3 ఉందేమో చూడండి, అది 2023 ఆగస్టు 23న దిగింది. పటంలో తెలంగాణ విడిగా లేకపోతే అది 2014కు ముందుది. లద్దాఖ్ జమ్మూ కాశ్మీర్‌లో కలిసి ఉంటే 2019కి ముందుది. జిల్లాల పుస్తకమైతే హిందూపురం ఎక్కడుందో వెతకండి. 2022 ఏప్రిల్‌లో అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లా విడిపోయాక అది అటు వెళ్లింది. ఈ మాత్రం దిద్దుకోని ప్రచురణకర్త మిగతావి సరిచూసుకున్నాడని నేను నమ్మను.

బొమ్మలనూ అనుమానించండి. సాలీడుకు ఎనిమిది కాళ్లు ఉండాలి, ఆరు కాళ్లతో గీసిన పుస్తకాలు వస్తున్నాయి. పిల్లలు లెక్కపెడతారు.

జనరల్ నాలెడ్జ్, ఒలింపియాడ్, అబాకస్ పుస్తకాలు ఇవ్వచ్చా?

ఇవ్వచ్చు. దాన్ని హోంవర్క్ అంటారు.

ప్రతిరాత్రీ అదే కథ చదవమంటోంది. కొత్త పుస్తకం కొనడం దండగేనా?

కాదు. అదే కథ మళ్లీ అడగడం విసుగు పుట్టించేది మనకే. పాప మాత్రం ప్రతిసారీ ఏదో ఒకటి పట్టుకుంటుంది. ఒక మాట మార్చి చదవండి, వెంటనే దిద్దుతుంది. కొత్తది కొని పక్కన పెట్టండి. పాతదాని వంతు అయ్యాక దాని వంతు వస్తుంది.

మన ప్రాంతం గురించి పిల్లల పుస్తకాలు ఉన్నాయా?

తక్కువే. ఆ లోటు నాకూ బాధగానే ఉంటుంది. పులికాట్ గురించి, తాజ్‌మహల్ గురించి దొరికినంత సులువుగా గుత్తి కోట గురించి దొరకదు.

అందుకే నేనొక కిటుకు చెబుతుంటాను. పుస్తకంతో పాటు ఒక ప్రయాణం కూడా బహుమతిగా ఇవ్వండి. రామాయణం బొమ్మల పుస్తకం కొంటే, లోపల ఒక చీటీ పెట్టండి: "వచ్చే ఆదివారం నిమ్మలకుంట." ధర్మవరం దగ్గరి ఆ ఊళ్లో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మేకతోలును అద్దంలా పలుచన చేసి రంగులు వేస్తారు, వెనుక దీపం పెడితే రంగులు వెలుగుతాయి. పేజీలో చూసిన హనుమంతుడు తెర మీద కదిలితే పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. చెట్ల పుస్తకమైతే తిమ్మమ్మ మర్రిమాను. 1989లో గిన్నిస్ బుక్‌కు ఎక్కిన చెట్టది, దాదాపు ఐదెకరాల్లో పరుచుకుంది. కట్టడాల పుస్తకమైతే లేపాక్షి. అక్కడ నేలకు ఆనీ ఆనని స్తంభం కింద నుంచి పిల్ల చేతే గుడ్డ లాగించండి. ఇంటికి వచ్చాక అదే పుస్తకాన్ని రెండోసారి చదవడం చూడండి, ప్రశ్నలు మారిపోతాయి.

అక్షరాలంటే ఇష్టపడే పిల్లకైతే పక్క జిల్లా కడపలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది. 1820లో కడపకు వచ్చిన ఇంగ్లీషు దొర తెలుగు నేర్చుకుని, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేశాడన్న కథ, చదవడానికి తంటాలు పడుతున్న పిల్లలకు చాలా ధైర్యం ఇస్తుంది.

ఎంత ఖర్చు పెట్టాలి?

కిలో కేకు ధర మించనక్కరలేదు. ఆ డబ్బుతో నేషనల్ బుక్ ట్రస్ట్ వారి సన్న పుస్తకాలు అయిదారు వస్తాయి. 1957లో మొదలైన ప్రభుత్వ సంస్థ అది, పిల్లల కోసం నెహ్రూ బాల పుస్తకాలయం అని ఒక వరుసే ఉంది. సికింద్రాబాద్‌లోని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వారివీ అందుబాటు ధరలే. ఒక ఖరీదైనదానికన్నా మూడు చౌకవి మేలు, మూడింటిలో ఒకటి తగలకపోయినా మిగతా రెండు ఉంటాయి. తళతళలాడే కాగితం చూసి మోసపోకండి. రాత్రి దీపం వెలుతురులో అది మెరిసి కళ్లకు కొడుతుంది.

మంచివి ఎక్కడ దొరుకుతాయి? ఈ ఊళ్లో ఎక్కడ చూసినా గైడ్లే ఉన్నాయి.

నిజమే, గైడ్లు అమ్మితేనే అద్దె కట్టగలం, నేనూ రెండు అరలు వాటికే ఇచ్చాను. నా దుకాణంలో లేకపోతే ఇవి చూడండి. జనవరి మొదటి వారంలో విజయవాడ పుస్తక మహోత్సవం జరుగుతుంది. చుట్టాలున్నవాళ్లు సంక్రాంతి ప్రయాణాన్ని కాస్త ముందుకు జరుపుకుంటే ఏడాదికి సరిపడా కొనుక్కోవచ్చు. డిసెంబరు ప్రాంతంలో హైదరాబాద్‌లో ఒకటి ఉంటుంది.

కొనకుండా ఇచ్చే బహుమతీ ఒకటుంది. జిల్లా కేంద్ర గ్రంథాలయానికి పిల్లను చేయి పట్టుకుని తీసుకువెళ్లి సభ్యత్వం కట్టండి. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు, మొదటి రోజు బాలల దినోత్సవమే కాబట్టి ముహూర్తం కుదురుతుంది.

ఇంకొకటి తప్పకుండా చెప్పాలి. చెన్నేకొత్తపల్లి దగ్గరి ప్రకృతి బడి పిల్లలు, పెద్దలు కలిసి 2008లో 'కొత్తపల్లి' అనే పిల్లల పత్రిక మొదలుపెట్టారు. మన పల్లెల పిల్లలే కథలు రాసి బొమ్మలు వేశారు. ఇంటర్నెట్‌లో ఆ కథలు చదవవచ్చు. తన వయసువాళ్లు రాసింది అచ్చులో చూసిన పిల్ల పెన్సిల్ వెతుక్కుంటుంది.

పాత చందమామలు ఉన్నాయి. అవి ఇవ్వచ్చా?

నిరభ్యంతరంగా. 1947 జూలైలో మొదలైన పత్రిక, ఆ బొమ్మలకు ఇప్పటికీ సాటి లేదు. అయితే ఆరేళ్ల పిల్లకు అక్షరాలు చిన్నవి, వాక్యాలు పొడుగు. మీరు చదివి వినిపించాలి. కట్ట విప్పి పురుగులున్నాయేమో చూడండి, ఒక పూట ఎండలో ఆరబెట్టి దులపండి. తాతగారి పేరు రాసి ఉన్న సంచిక ఏదైనా ఉంటే అదే పైన పెట్టండి.

ఫోనులో ఉచితంగా చదవచ్చు కదా?

చదవచ్చు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో 2015 నుంచి వేల కథలు ఉచితంగా ఉన్నాయి, తెలుగులోనూ ఉన్నాయి. కొనే ముందు పిల్లకు ఏ రకం కథ నచ్చుతుందో తెలుసుకోవడానికి నేనే దాన్ని వాడమని చెబుతాను. నచ్చింది అచ్చు తీసి, కుట్టి, అట్ట వేసి ఇచ్చినవాళ్లూ ఉన్నారు. అది దుకాణంలో కొన్నదానికన్నా ముద్దుగా ఉంది. కానీ ఫోను ఇచ్చి "చదువుకో" అంటే రెండో నిమిషంలో ఏమి చూస్తుంటుందో మీకు తెలుసు.

పుస్తకాలు చింపేస్తాడు. ఏమి చేయాలి?

జిగురు, పలుచని కాగితం కూడా బహుమతిలో పెట్టండి. చిరిగినదాన్ని వాడి చేతే అతికించండి.

మొదటి పేజీలో ఏమి రాయాలి?

"శుభాకాంక్షలతో" అని రాసి సంతకం పెట్టకండి, అది చదివింపుల పద్దులా ఉంటుంది. తేదీ, ఊరు, పిల్ల అడిగిన ప్రశ్న రాయండి. ఒక మేనమామ నా బల్ల మీదే కూర్చుని ఇలా రాశాడు: "చందమామ మన బండితో పాటు ఎందుకు వస్తున్నాడని గుంతకల్లు దారిలో అడిగావు. నాకు తెలియలేదు. ఇద్దరం కలిసి చూద్దాం. మామ." ఆయన కలం పట్టుకుని పది నిమిషాలు ఆలోచించాడు, వెనుక ఇద్దరు వేచి ఉన్నారు. నేను తొందరపెట్టలేదు.

ఇచ్చి ఆరు నెలలైంది, తెరవనే లేదట. పొరపాటు చేశామా?

పిల్లవాడి వయసుకు మించింది ఇచ్చి ఉంటారు, లేదా ఇచ్చేసి వెళ్లిపోయి ఉంటారు. ఈసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు పిల్లవాడిని పిలవకండి. మీరే ఆ పుస్తకం తీసి, వాడికి కనిపించేలా నేల మీద కూర్చుని, బొమ్మలు చూస్తూ మీలో మీరు నవ్వుకోండి. ఎంతసేపు ఆగగలడో చూద్దాం.

దుకాణం ఎప్పుడు తెరిచి ఉంటుంది?

ఉదయం పది నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా, మధ్యాహ్నం రెండు గంటల పాటు మూసి ఉంటుంది. విందు ఏడింటికైతే దయచేసి ఐదింటికి రండి, వచ్చే ముందు వాళ్లమ్మకు ఒక ఫోను చేయండి.